వైఫై కావాలంటే ముందు వైరు లాగండి

(హన్మకొండలోని మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం సాయంత్రం, ఇళ్లకు నెట్, సీసీ కెమెరాల కేబుల్ పని చేసే మిత్రుడొకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు వినిపిస్తుందా? వినిపిస్తుందా అన్నా? సరే. ఈ మైకుతో తర్వాత పనుంది, మళ్లీ చెప్తా.

నన్ను పిలిచినప్పుడు సెక్రటరీ గారు ఒకటే అన్నారు. "కాలనీలో సగం మంది బాధ ఇదే. కింద నెట్ ఉరుకుతుంది, పైకి పోతే పాకుతుంది. ఏం చేయాలో వచ్చి చెప్పు" అన్నారు. ఒక్క మాటలో చెప్పి చాయ్ తాగి వెళ్లిపోవచ్చు. వైరు లాగండి. పై అంతస్తులో మీరు ఎక్కడ కూర్చుంటారో అక్కడిదాకా ఒక కేబుల్ లాగి, దాని చివర ఒక యాక్సెస్ పాయింట్, అంటే వైరులో వచ్చిన నెట్‌ను అక్కడ వైఫైగా పంచే డబ్బా, పెట్టండి. అయిపోయింది.

కానీ ఈ మాట చెప్పగానే మనుషులు నన్ను ఒక చూపు చూస్తారు. అదిగో, ఆ అక్క ఇప్పుడు చూసినట్టే. "వైరు వద్దనే కదా వైఫై పెట్టించుకున్నది?" అంటారు. 18 ఏళ్లుగా ఈ పని చేస్తున్నా, ఈ ప్రశ్న వినని వారం లేదు. అందుకే ఈ రోజు మిగతా సమయమంతా ఆ ఒక్క ప్రశ్నకే.

ముందు ఒకటి అడుగుతా, చేతులెత్తండి. మీ ఇంట్లో నెట్ డబ్బా, అదే రౌటర్, సరిగ్గా ఇంటి నడుమ ఉన్నవాళ్లు ఎంతమంది? ఇద్దరు. ముందు గదిలో కిటికీ పక్కన, లేకపోతే తలుపు మీద, ఓ మూలకు ఉన్నవాళ్లు? చూశారా, హాలంతా చేతులే. అది అక్కడ ఎందుకుంది? మీరు పెట్టమన్నారా? లేదు. కనెక్షన్ ఇచ్చే అబ్బాయి స్తంభం మీద నుంచి ఫైబర్ తెచ్చాడు, కిటికీ సందులోంచి లోపలికి లాగాడు, ఎక్కడ లోపలికొచ్చిందో అక్కడే రెండు మేకులు కొట్టి తగిలించాడు. ఆ అబ్బాయి తప్పు లేదు, ఆ రోజు అతనికి ఇంకా ఆరిళ్లు తిరిగేది ఉంటుంది. కానీ దాంతో ఏమవుతుంది? మీరు డబ్బు కట్టే సిగ్నల్‌లో సగం వీధిలోకి పోతుంది. మీ ఇంటి ముందు ఆగిన ఆటోలో మస్తు వైఫై, మీ వంటింట్లో లేదు. కాబట్టి కొత్త కనెక్షన్ పెట్టించుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ అబ్బాయికి ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చి "తమ్ముడూ, ఇంకో పది మీటర్లు లోపలికి లాగు, ఇంటి నడుమ పెట్టు" అనండి. కొందరి ఇళ్లలో సమస్య అక్కడికే తీరిపోతుంది. వాళ్లు నన్ను పిలవాల్సిన పని కూడా లేదు. నా బేరం పోతుంది, పర్వాలేదు.

ఇక గోడలు. మన దగ్గర ఇళ్లు ఎట్లా కడతారు? బయట 9 అంగుళాల ఇటుక గోడ, లోపల నాలుగున్నర. పైన స్లాబు, స్లాబు లోపల ఇనుప చువ్వల జాలి. దాని పైన ఇంకో అంతస్తు, ఆ పైన డాబా మీద రేకుల గది. ఇటుక గోడైతే వైఫైని కొంత తింటుంది, నములుతుంది, అయినా ఎంతో కొంత అవతలికి పోతుంది. స్లాబు అట్లా కాదు. కాంక్రీటు తినేది తినగా మిగిలిందాన్ని ఆ చువ్వలు చెదరగొడతాయి. ఇక రేకుల గదంటే ఇనుప డబ్బానే. బయటిది లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. మొన్న కిలా వరంగల్‌లో ఒక పాత ఇంటికి పోయాను, మట్టి గోడ ఒకటిన్నర అడుగు మందం. ఎండాకాలం ఆ అర్రలో కూర్చుంటే ఎంత చల్లగా ఉంటుందో! ఫోన్‌లో వైఫై గీతలు కూడా అంత చల్లగానే ఉన్నాయి.

గోడలు సరే, అందరికీ తెలుస్తాయి. తెలియని దొంగలు వేరే ఉన్నారు. మొదటిది బీరువా. ఆరడుగుల ఇనుప పలక, దానికి నిలువుటద్దం. అద్దం వెనక ఉన్న పూత కూడా లోహమే. రౌటర్‌కూ మీ మంచానికీ నడుమ బీరువా ఉంటే, ఇంకో గోడ కట్టుకున్నట్టే. నీళ్లు రెండోది. అక్వేరియం, డ్రమ్ము, పైన ట్యాంకు. మూడోది నా సొంత అనుభవం, నవ్వొద్దు. మా అత్తగారింట్లో రౌటర్ కంటికి అడ్డంగా ఉందన్నారని దాన్ని తీసి అటక మీద పెట్టాను. ఎత్తులో ఉంది, బాగా పని చేస్తుంది అనుకున్నా. అటక మీద ఏముంటాయి మన ఇళ్లలో? గంగాళాలు, కాగులు, ఇత్తడి బిందెలు, పెళ్లినాటి సామానంతా. వాటి నడుమ పెట్టాను. రెండు రోజులు మా బామ్మర్ది నాతో మాట్లాడలేదు. ఇదే పని చేసేవాణ్ణి, నేనే పెట్టాను చూడండి.

అసలు గోడ దాటించడం ఈనాటిది కాదు. జగదీశ్ చంద్ర బోస్ 1895 ప్రాంతంలోనే కలకత్తాలో గోడల అవతలికి తరంగాలు పంపి గంట మోగించాడు, మందుగుండు పేల్చాడు. కాబట్టి గోడ దాటుతుంది. దాటినాక ఎంత మిగులుతుందన్నదే లెక్క.

ఆ లెక్క మీ ఫోన్‌లోనే చూడొచ్చు. వైఫై బలం కొలిచే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. అందులో మైనస్ 45, మైనస్ 70 అని అంకెలు కనిపిస్తాయి. వాటి పేరు డీబీఎం. భయపడొద్దు, అప్పు లెక్క అనుకోండి. మైనస్ 40 అంటే చిన్న అప్పు, హాయిగా నిద్రపోవచ్చు. మైనస్ 65 వరకు వీడియో కాల్ కూడా బాగానే నడుస్తుంది. 70 దాటితే టెన్షన్ మొదలు. 80 అంటే పీకల దాకా మునిగినట్టే, గీతలు కనిపిస్తాయి గానీ పేజీ తెరుచుకోదు. ఇందులో ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. ఈ అంకెలో 10 పెరిగితే బలం పదో వంతు అవుతుంది. పది తగ్గడం కాదు, పదో వంతు. మైనస్ 50 నుంచి 60కి వస్తే పదో వంతు, 70కి వస్తే నూరో వంతు, 80కి వస్తే వెయ్యో వంతు. మెట్లెక్కి పైకి పోయేసరికి 30 అంకెలు పడిపోయిన ఇళ్లు నేను చాలా చూశాను. వెయ్యో వంతు! ఇంకేం మిగిలింది?

అప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని ఏంటి? ప్లాన్ పెంచడం. వంద ఎంబీపీఎస్ ఉంటే మూడొందలు చేస్తారు. సార్, మీరు నవ్వుతున్నారంటే మీరూ చేశారన్నమాట. ట్యాంకు పెద్దది కట్టారు, నల్లాకు వచ్చే పైపు అదే సన్నటి పైపు. నల్లాలో ధార పెరుగుతుందా? డబ్బా దాకా వచ్చే వేగం వేరు, డబ్బా నుంచి మీ చేతిదాకా వచ్చే వేగం వేరు. ప్లాన్ మొదటిదాన్ని పెంచుతుంది. మీ బాధ రెండోది.

రెండో పని, పెద్ద రౌటర్ కొనడం. ఆరు కొమ్ములు, ఎనిమిది కొమ్ములు, చూస్తే తేలు లేచి నిలబడ్డట్టు ఉంటుంది. అది గట్టిగా అరుస్తుంది కాబట్టి పైదాకా వినిపిస్తుందని నమ్మకం. ఇప్పుడు మైకు సంగతికొద్దాం. వెనక వరసలో నీలం చొక్కా తమ్ముడూ, నా మాట వినిపిస్తుందా? తలూపాడు. సరే, లేవకుండా, అరవకుండా, మామూలు గొంతుతో పొద్దున టిఫిన్ ఏం తిన్నావో నాకు చెప్పు. చెప్పావా? ముందు వరసవాళ్లకు వినిపించిందా? నాకైతే పెదాలు కదలడం కనిపించింది, అంతే. నా చేతిలో మైకుంది, నా మాట అతనికి పోతుంది. అతని చేతిలో మైకు లేదు, అతని మాట నాకు రాదు. ఇది సంభాషణేనా? ఉపన్యాసం.

మీ ఫోన్ ఆ నీలం చొక్కా తమ్ముడు. చిన్న బ్యాటరీ, లోపల వేలెడంత యాంటెన్నా. రౌటర్ ఎంత అరిచినా, ఫోన్ తిరిగి "అందింది, పంపు" అని చెప్పాలి. ప్రతి ముక్కకూ చెప్పాలి. ఆ మాట రౌటర్‌కు వినపడకపోతే అదే ముక్క మళ్లీ పంపుతుంది, మళ్లీ పంపుతుంది. అందుకే గీతలు నిండుగా ఉన్నా నెట్ రావట్లేదని మీరు తిట్టుకుంటారు. గీతలు చెప్పేది రౌటర్ గొంతు మీకు ఎంత వినిపిస్తుందో. మీ గొంతు దానికి ఎంత వినిపిస్తుందో గీతలు చెప్పవు. పైగా ఇక్కడ ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఆ చప్పుడు వేరే. చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు ఆ ఫ్యాన్ల లాంటివే.

సరే, ఇప్పుడేం చేద్దాం? ఆ బల్ల మీద రెండో మైకు ఉంది కదా, దాన్ని కాస్త వెనక్కి అందించండి. అందుతుందా? వైరు చాలుతుందా? చాలింది. ఇప్పుడు చెప్పు తమ్ముడూ. ఏంటీ, సర్వపిండా! మీ ఇంటి వైఫై నేను ఉచితంగా చూస్తా, ఆదివారం పొద్దున వస్తా. చూశారా, అతను అరవలేదు, నేను అరవలేదు. అతని దగ్గరికి మైకు పోయింది. ఆ మైకుకు తోకలా వైరు ఉంది, అది గమనించారా? అదే యాక్సెస్ పాయింట్. గాలిలో పోవాల్సింది అతని నోటి నుంచి మైకు దాకా ఉన్న జానెడు దూరమే. మిగతాదంతా వైరు చూసుకుంది. వైఫై కూడా చివరి పదడుగులకే. గోడలనూ స్లాబులనూ దాటించే పని దానికి అప్పజెప్పొద్దు.

మూడో పని మర్చిపోయాను, రిపీటర్. ప్లగ్గులో గుచ్చే చిన్న డబ్బా, వైరు అక్కర్లేదు అంటారు. దాని సంగతి చెప్తా. స్లాబు పోసే రోజు గుర్తు తెచ్చుకోండి. కింద నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు అందిస్తారు. నడుమ ఉన్న మనిషి ఏం చేస్తాడు? కిందివాడి దగ్గర తట్ట అందుకుంటాడు, తిరిగి పైవాడికిస్తాడు. అందుకునేటప్పుడు ఇవ్వలేడు, ఇచ్చేటప్పుడు అందుకోలేడు, ఉన్నవి రెండు చేతులే. చౌక రిపీటర్ అంతే. ఒకే రేడియోతో వినాలి, అదే రేడియోతో చెప్పాలి. వేగం అక్కడే సగం పోతుంది. ఇంకో తమాషా, దాన్ని ఎక్కడ పెడతారు? సిగ్నల్ రాని గదిలో పెడతారు! దానికే వినిపించని చోట పెడితే అది మీకేం వినిపిస్తుంది?

మెష్ అని ఇంకోటి వచ్చింది, ఇంట్లో అక్కడక్కడా పెట్టిన రెండు మూడు డబ్బాలు కలిసి ఒకే వైఫైలా పని చేస్తాయి. కొంచెం ఖరీదైనవాటిలో డబ్బాలు వాటిలో అవి మాట్లాడుకోవడానికి వేరే రేడియో ఉంటుంది. బాగానే ఉంటాయి, నేను చెడ్డవనను. కిరాయి ఇల్లు, గోడకు మేకు కొడితే ఓనరు ఊరుకోడు అనుకోండి, అప్పుడు మెష్ పెట్టుకోండి. కానీ రెండు డబ్బాల నడుమ స్లాబు ఉంటే ఆ స్లాబు వాటికీ స్లాబే. వాటి వెనక కూడా కేబుల్ పెట్టే రంధ్రం ఉంటుంది, చూడండి. వైరుతో కలిపితే అవే డబ్బాలు రెట్టింపు హుషారుగా పని చేస్తాయి.

ఇప్పుడు కేబుల్ దగ్గరికొద్దాం. ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. రెండు ముక్కలు తెచ్చాను. ఇది ఒకటి, ఇది ఒకటి. చేతులు మార్చుకుంటూ చూడండి. రెండింటి మీదా క్యాట్ 6 అనే రాసుంది, అది నెట్ కేబుల్‌లో ఒక రకం పేరు. రెండూ నీలం రంగే. లోపల ఎనిమిదేసి తీగలు, రెండేసి కలిపి మెలేసి నాలుగు జతలు. ఇప్పుడు ఈ చాకుతో తీగను గీకుతా. సార్, మీరు దగ్గరున్నారు, ఏం రంగు కనిపిస్తుంది? ఎర్రగా? రాగి రంగు. ఎంత గీకినా ఎర్రగానే ఉంది. ఇప్పుడు రెండోది. పైన రాగే. ఇంకొంచెం గీకితే? తెల్లగా వచ్చింది కదా. అది అల్యూమినియం, పైన రాగి పూత. సంత బంగారం! ఇది సగం ధరకు దొరుకుతుంది. రెండుమూడు సార్లు వంచితే లోపల తెగుతుంది, పైకి తెలియదు. దాంట్లో కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది. గోడలో ఒకసారి పెట్టాక మళ్లీ తీస్తామా? అందుకని ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. ఇరవై మీటర్ల రాగి కేబుల్‌కు దాదాపు ఒక నెల నెట్ బిల్లంత అవుతుంది. పెట్టెతో కొంటే 305 మీటర్లు వస్తుంది. నాలుగిళ్ల వాళ్లు కలిసి కొనుక్కోవచ్చు.

ఒక ముక్క కేబుల్ 100 మీటర్ల దాకా పోవచ్చు. మన ఇళ్లకు అది చాలా ఎక్కువ. చివర బిగించే పారదర్శకపు పిన్ను ఉంటుంది కదా, అందులో ఎనిమిది తీగలూ వరస ప్రకారం పోవాలి. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. రెండు వైపులా అదే వరస. కొందరు పని త్వరగా కావాలని నాలుగే తీగలు కలుపుతారు. నెట్ వస్తుంది, ఎవరూ అనుమానించరు. కానీ 100 ఎంబీపీఎస్ దాటదు, ఎప్పటికీ దాటదు. మీరు మూడొందల ప్లాన్ కట్టి, పైన ఎప్పుడు చూసినా తొంభై నాలుగో తొంభై ఐదో చూపిస్తుంటే, ముందు ఆ పిన్ను చూడండి.

కరెంటు పైపులోంచే ఈ కేబుల్‌ను కూడా తోసేద్దామంటారు ఎలక్ట్రీషియన్లు. వద్దు. ప్రమాదం, పైగా సిగ్నల్ కూడా చెడుతుంది. కరెంటు తీగకు జానెడు దూరంగా పోనివ్వండి. అడ్డంగా దాటాల్సి వస్తే నిలువుగా కత్తిరించినట్టు దాటించండి, పక్కపక్కనే పరుగెత్తనివ్వొద్దు.

బయట నుంచి తీసుకుపోతే ఇంకో సంగతి. అదే అంటున్నారు కదా వెనక నుంచి, కోతులు! అవును, కోతులు. మన కాలనీల్లో కోతుల గురించి నేను చెప్పాలా? డాబా మీద వేలాడే కేబుల్ వాటికి ఊయల. ఒకటి ఊగితే పర్వాలేదు, వెనక పదొస్తాయి. గోడకు ఆనించి, పీవీసీ పైపులో పెట్టి, అడుగు అడుగుకూ క్లిప్పు కొట్టండి. వేలాడే ముక్క కనపడకూడదు. ఎండకు తట్టుకునే నల్ల తొడుగు కేబుల్ వేరే దొరుకుతుంది, బయటికి అదే వాడండి. లోపల వాడే నీలంది మన ఎండకు తొడుగు పెళుసెక్కి పగులుతుంది.

పిడుగుల సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఒకాయనకు రెండిళ్లు, నడుమ పెరడు. ఈ ఇంటి నెట్ ఆ ఇంటికి కావాలన్నాడు. నేను పెరడు మీదుగా రాగి కేబుల్ లాగాను. చక్కగా నడిచింది. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఉరుములు మెరుపులు. పిడుగు వాళ్లింటి మీద పడలేదు, ఎక్కడో చేను అవతల తాడిచెట్టు మీద పడింది. అయినా ఇటు రౌటర్ పోయింది, అటు యాక్సెస్ పాయింట్ పోయింది, దానికి తగిలించిన టీవీ కూడా పోయింది. ఆ డబ్బు నేనే పెట్టుకున్నాను, తప్పు నాదే కదా. రాగి తీగ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఆరుబయట పోతే అది మెరుపుకు బాట వేసినట్టు. ఇంటి నుంచి ఇంటికి అయితే ఫైబర్ లాగించండి. అది గాజు, కరెంటు పారదు. అప్పటి నుంచి ఆరుబయట రాగి తీగతో రెండిళ్లు కలపమంటే నేను చేయను.

యాక్సెస్ పాయింట్ అంటే కొత్తది కొనాలా? కొనక్కర్లేదు. మీలో ఎంతమంది ఇంట్లో పాత రౌటర్ మూలకు పడి ఉంది? అదే చాలు, పరీక్షకైనా చాలు. కానీ దాన్ని ఊరికే తగిలించొద్దు. ఇక్కడే అందరూ బోర్లా పడతారు. రౌటర్ చేసే పనుల్లో ఒకటి చిరునామాలు పంచడం. ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోన్‌కూ ఒక నంబరు ఇస్తుంది, ఆ పని పేరు డీహెచ్‌సీపీ. ఇప్పుడు దవాఖానలో టోకెన్లు ఇచ్చే కిటికీలు రెండు పెట్టారనుకోండి. ఒకరితో ఒకరికి సంబంధం లేదు. ఇక్కడ 7 నంబరు ఇచ్చారు, అక్కడా 7 నంబరు ఇచ్చారు. డాక్టరు గది ముందు ఏమవుతుంది? కొట్లాట. పైగా రెండో కిటికీ ఆయన "డాక్టరు ఆ గదిలో ఉన్నాడు" అని ఖాళీ గది చూపిస్తాడు. వైఫై కలిసింది, ఇంటర్నెట్ లేదు అని ఫోన్ చెప్తుంది చూడండి, అది ఈ ఖాళీ గది ముందు నిలబడటమే.

అందుకని పాత రౌటర్‌ను విడిగా ల్యాప్‌టాప్‌కు తగిలించి దాని సెట్టింగుల్లోకి పోండి. మొదట దాని చిరునామా మార్చండి. ఇంటి రౌటర్ 192.168.1.1 అయితే దీన్ని 192.168.1.2 చేయండి, ఆ నంబరు ఇంటి రౌటర్ ఎవరికీ పంచకుండా చూసుకోండి. తర్వాత డీహెచ్‌సీపీ ఆపేయండి. కింద నుంచి వచ్చిన కేబుల్‌ను ల్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టండి. వేరే రంగులో ఒకటే రంధ్రం ఉంటుంది, వ్యాన్ అని, దాన్ని ముట్టుకోవద్దు. ఈ మధ్య రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఒక మీటే ఉంటుంది. అది నొక్కితే ఇదంతా దానంతట అదే చేసుకుంటుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందది ఏదో పైదీ అదే పెట్టండి. రెండు పేర్లు పెడితే మెట్లెక్కిన ప్రతిసారీ ఫోన్‌లో మార్చుకుంటూ కూర్చోవాలి.

కొత్తది కొనేవాళ్లు పైకప్పుకు బిగించే గుండ్రటి యాక్సెస్ పాయింట్ తీసుకోండి. పళ్లెం లాగా ఉంటుంది. దానికి పీఓఈ ఉందో లేదో చూడండి. అంటే నెట్, కరెంటు రెండూ ఒకే కేబుల్‌లో పోతాయి. మామూలు పద్ధతిలో దాదాపు 48 వోల్టులు, 15.4 వాట్ల దాకా పంపుతుంది. కొన్ని డబ్బాలు 24 వోల్టులవి ఉంటాయి, ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి తగిలించొద్దు. దీనివల్ల లాభం ఏంటో తెలుసా? కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. పైన ప్లగ్గు అక్కర్లేదు, పైన ఇన్వర్టర్ లైను అక్కర్లేదు. కింద ఫైబర్ డబ్బా, రౌటర్, ఈ పీఓఈ అడాప్టర్, మూడూ ఒక్క ఇన్వర్టర్ పాయింటు మీద ఉంటే చాలు, పైన నెట్ ఆగదు. పై గదిలో అబ్బాయి ఆఫీసు మీటింగులో ఉంటాడు, కరెంటు పోయిన సంగతి అతనికి ఫ్యాన్ ఆగితేనే తెలుస్తుంది.

నిలువు కొమ్ములున్న రౌటర్‌తోనే సరిపెట్టుకునేవాళ్లకు ఒక చిట్కా. కొమ్ము చుట్టూ సిగ్నల్ ఎట్లా ఉంటుందంటే, గారె నడుమ చిల్లులో పుల్ల గుచ్చినట్టు. గారె ఉన్నవైపు, అంటే పక్కలకు నిండుగా. పుల్ల కొనకు పైన ఏమీ లేదు. పై అంతస్తుకు పంపాలని కొమ్ములన్నీ ఆకాశానికి గురిపెడతాం, తుపాకీలాగా. అది తుపాకీ కాదు. ఒకటి నిలువుగా, ఒకటి పడుకోబెట్టి చూడండి.

వైఫైలో మనం ఎక్కువగా వాడే బాటలు రెండు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడల నడుమ కొంచెం దూరం పోతుంది, కానీ జాతర రోజు మేడారం రోడ్డులాగా ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే చప్పుడు చేస్తుంది. రెండోది వేగం ఎక్కువ, గోడంటే భయం. మన దేశంలో 5 వైపు లైసెన్సు లేకుండా వాడుకునే జాగాను 2018లో బాగా పెంచారు, అక్కడ ఖాళీ ఉంది. గదికో యాక్సెస్ పాయింట్ ఉంటే గోడతో పని లేదు కాబట్టి 5 మీదే హాయిగా నడిపించొచ్చు. 2.4 మీద మాత్రం 1, 6, 11, ఈ మూడు చానళ్లే, అంటే ఆ బాటలోని వరసలే, ఒకదానితో ఒకటి రాసుకోకుండా ఉంటాయి. కింద 1 పెడితే పైన 6 పెట్టండి. పక్కింటాయన 6 మీద ఉంటే మీరు 11కు జరగండి. 3 మీద, 4 మీద కూర్చుంటే అటు ఒకటివాళ్లకూ ఇటు ఆరువాళ్లకూ మీరే గొడవ.

అమ్మా, మీరు చెయ్యెత్తారు, అడగండి. పైకి పోయినా ఫోన్ కిందిదాన్నే పట్టుకుంటుంది అంటున్నారా? మంచి ప్రశ్న. ఎటు కలవాలో నిర్ణయించేది రౌటర్ కాదమ్మా, ఫోన్. ఫోన్ మొండిది. పండక్కి వచ్చిన చుట్టం లాంటిది, బాగాలేకున్నా లేవదు. దానికి మందు, కిందిదాని గొంతు కాస్త తగ్గించడం. సెట్టింగుల్లో పవర్ అని ఉంటుంది, హై తీసి మీడియం పెట్టండి. అప్పుడు పైకి పోగానే కిందిది సన్నబడుతుంది, ఫోన్ పైదాన్ని వెతుక్కుంటుంది. అవునమ్మా, తగ్గించమనే చెప్తున్నా. ఇందాక ఎనిమిది కొమ్ములాయన ఎక్కడున్నారో గానీ ఇది వినాలి.

పాస్‌వర్డ్ సంగతి ఒక్క ముక్క. రెండో డబ్బా పెట్టినప్పుడు దాని పాత పాస్‌వర్డ్, అడ్మిన్ అడ్మిన్ అని ఉండేది, మార్చండి. బటన్ నొక్కితే కలిసే డబ్ల్యూపీఎస్ ఆపేయండి.

చివర్న కూర్చున్న బాపు ఏదో అడుగుతున్నారు. మైకు ఇవ్వండి ఆయనకు. "ఇంత చెప్పినవు, గోడకు చిల్లు కొట్టినంక కూడ రాకుంటే ఎట్ల?" అంటున్నారు. ఇదీ అడగాల్సిన ప్రశ్న. బాపూ, ముందు చిల్లు కొట్టొద్దు. ముందు ఏమీ కొనొద్దు కూడా. పాత రౌటర్ తీయండి, నేను చెప్పినట్టు మార్చండి. పిన్నులు బిగించిన ముప్పై మీటర్ల కేబుల్ ఎవరి దగ్గరైనా ఒక్క రోజు అడిగి తెచ్చుకోండి, నా దగ్గరా ఉంది. కింద డబ్బా నుంచి హాల్లో నేల మీద, మెట్ల మీదుగా, పై గది దాకా ఊరికే పరవండి. మెట్ల మీద కాలికి తగలకుండా గోడవైపు జరపండి, పిల్లలకు చెప్పండి. పైన రౌటర్‌ను బీరువా మీద కాకుండా కుర్చీ మీద పెట్టండి. రెండు రోజులు అట్లాగే వాడండి. వేరే గదిలో పెట్టి ఇంకో రెండు రోజులు చూడండి. ఎక్కడ పెడితే అందరికీ బాగుందో అక్కడ గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అప్పుడు నన్ను పిలవండి, డ్రిల్లు తెస్తాను. నిచ్చెన ఉందా ఇంట్లో?